పిల్లలు పుస్తకాన్ని తమంతట తాము అందుకోవాలంటే ఏం చేయాలి?

హైదరాబాదులో ఒకటి నుంచి అయిదు తరగతుల మధ్య ఉన్న తెలుగింటి పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషులో చదువుతారు, వీధిలో హిందీ ఉర్దూలు కలిపి ఆడుకుంటారు. ఆ పిల్లల చేతికి తెలుగు కథల పుస్తకం ఇస్తే రెండో వాక్యం దగ్గర ఆగిపోతారు. ఇంగ్లీషు పుస్తకం ఇస్తే గడగడా చదివేస్తారు గానీ, కథలో ఏం జరిగిందని అడిగితే దిక్కులు చూస్తారు. పెద్దలు దీనికి బద్ధకమనో, ఫోను మహిమ అనో పేరు పెడతారు. నేను గమనించినంతలో ఆ పిల్లలకు పుస్తకం ఎప్పుడు ఎదురైనా దాని వెనకే ప్రశ్న, మార్కు, మందలింపు వరుసగా వచ్చాయి. కాబట్టి ఇక్కడ చెప్పబోయే పనులన్నిటికీ ఆధారం ఒక్కటే: రోజులో కొంతసేపైనా పుస్తకం వెంట పరీక్ష రాకూడదు, ఆ కొంతసేపు పిల్లలు ఏ భాషలో నవ్వుతారో ఆ భాషలోనే గడవాలి. తల్లిదండ్రులకు, తాతయ్యలకు, నాయనమ్మలకు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు పనికివచ్చేలా ఈ పనులను చేయవలసిన వరుసలోనే రాస్తున్నాను.

మొదట, పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి

తరగతిని చూసి పుస్తకం ఇవ్వకండి. పది పన్నెండు వాక్యాలున్న చిన్న కథ ఒకటి తీసుకొని, పక్కన కూర్చొని, పిల్లల చేత పైకి చదివించుకోండి. ఎక్కడ తప్పు పోయినా సరిదిద్దకుండా వినండి. కొందరు అక్షరాలను గుర్తుపడతారు గానీ గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర తడబడతారు. కొందరు కూడబలుక్కుంటూ పదాన్ని పట్టుకుంటారు గానీ, మనసంతా అక్షరాలు కలపడం మీదే ఉండడం వల్ల, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. ఇంకొందరు ధారాళంగా చదువుతారు, అర్థం మాత్రం పట్టదు. అర్థమయ్యీ ఆసక్తి లేనివాళ్ళు కూడా ఉంటారు. మొదటి రకం వాళ్ళకు అక్షరాల పని కావాలి, రెండో రకం వాళ్ళకు తేలికైన పుస్తకాలు ఎక్కువ సంఖ్యలో కావాలి, మూడో రకం వాళ్ళకు మాటలు, కబుర్లు, లోకజ్ఞానం కావాలి, చివరి రకం వాళ్ళకు తమకు నచ్చిన విషయం మీద పుస్తకం దొరకాలి. నలుగురికీ చేయవలసిన పని ఒకటి ఉంది, అది తరువాతి అడుగు.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడూ, ప్రతి పాపా అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నది 2021 జులైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యం. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ పునాది కోసమే. మీ ఇంట్లో నాలుగో తరగతి పాప ఇంకా గుణింతాల దగ్గరే ఉంటే, ఆ పాపకు ఒకటో తరగతి వాచకం ఇచ్చి చిన్నబుచ్చకండి. వాక్యాలు చిన్నవిగా ఉండి, విషయం మాత్రం తొమ్మిదేళ్ళ వయసుకు తగినట్లున్న పుస్తకాలు వెతకండి. క్రికెట్, పాములు, అంతరిక్షం, వంట, దయ్యాలు, ఏదైనా సరే.

రోజూ పదిహేను నిమిషాలు చదివి వినిపించండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే, ఇది చేయండి. రాత్రి అన్నాలయ్యాక గానీ, నిద్రకు ముందు గానీ, మీ ఇంటికి ఏది కుదిరితే అది ఒక వేళ పెట్టుకొని ఆ వేళ మార్చకండి. పిల్లలు మీ పక్కన, పుట కనిపించేలా కూర్చోవాలి. మీరు ఎదురుగా కూర్చొని చదివితే వాళ్ళకు మీ ముఖం కనిపిస్తుంది, అక్షరం కనిపించదు. ముందు అట్ట చూపించి కథ పేరు, రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు చదవండి. పుస్తకాన్ని ఎవరో మనిషి కూర్చొని రాశారన్న సంగతి చిన్నపిల్లలకు తనంత తానుగా తట్టదు.

చదివేటప్పుడు మీ మామూలు వేగాన్ని కొంచెం తగ్గించండి. ఏనుగు మాట్లాడితే గొంతు దింపండి, చీమ మాట్లాడితే సన్నగా పలకండి. నటన రాదని సిగ్గుపడవలసిన పని లేదు, ఏడేళ్ళ ప్రేక్షకులు చాలా దయగలవాళ్ళు. ‘ఏనుగు చెరువులో దిగింది. నీళ్ళన్నీ గట్టు దాటి పోయాయి. అడుగున పడుకున్న కప్ప కళ్ళు తెరిచింది’ అని ఉంటే, అక్కడ పుట తిప్పకుండా ఒక్క క్షణం ఆగండి. మీరు అడగకుండానే పిల్లలు ‘కప్ప ఏమన్నది?’ అంటారు. అనకపోయినా ఫరవాలేదు, పుట తిప్పండి. వేలితో ప్రతి పదాన్నీ చూపించవలసిన అవసరం లేదు. మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక వాక్యం దగ్గర మాత్రం వేలు పెట్టండి, రెండు మూడు రాత్రుల తరువాత ఆ వాక్యాన్ని వాళ్ళే అందుకుంటారు. మన జానపద కథల్లో ఒకరి నుంచి ఒకరి దగ్గరికి అదే ప్రశ్న తిరిగే గొలుసు కథలు ఈ పనికి ఎంతో అనువైనవి. అందరికీ తెలిసిన ఏడు చేపల కథ అలాంటిదే: చేప ఎందుకు ఎండలేదో తెలుసుకోవడానికి అదే ప్రశ్న చేప నుంచి గడ్డిమేటుకు, అక్కడి నుంచి ఆవుకు, ఆవు కాసేవాడికి మారుతూ పోతుంది, కథ సగానికి వచ్చేసరికి వినేవాళ్ళే చదివేవాళ్ళవుతారు.

కథ అయిపోయాక ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడగకండి. మన ఇళ్ళలో ఈ అలవాటు బాగా లోతుగా ఉంది, దాన్ని మానుకోవడం పెద్దలకే కష్టం. అడగాలనిపిస్తే మీకు తోచింది మీరు చెప్పండి: ‘నాకైతే ఆ నక్కను చూస్తే జాలేసింది’ అనండి చాలు. పిల్లలు ఒప్పుకుంటారు లేదా పోట్లాడతారు, రెండూ మంచివే. అదే పుస్తకాన్ని వరుసగా పది రోజులు చదవమని పట్టుబడితే విసుక్కోకుండా చదవండి, ఎందుకంటే తెలిసిన కథలో తరువాతి మాట ముందే తెలుస్తుంది కాబట్టి అక్షరాల రూపాన్ని మనసు ప్రశాంతంగా గమనిస్తుంది. విసుగు పుట్టేది మీకు, వాళ్ళకు కాదు.

మరొక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పిల్లలకు చదవడం రాగానే చాలామంది తల్లిదండ్రులు ‘ఇక నీకు నువ్వే చదువుకో’ అని వినిపించడం మానేస్తారు. రెండో తరగతి పాప తనంత తానుగా చదవగలిగిన కథ కంటే, విని అర్థం చేసుకోగలిగిన కథ ఎంతో పెద్దది. మీరు వినిపించడం ఆపితే ఆ పాప చేతిలో చిన్న వాక్యాల కథలే మిగులుతాయి, అవి ఆ వయసు ఆలోచనకు చప్పగా ఉంటాయి. కనుక అయిదో తరగతి వరకూ ఆపకండి. అధ్యాయాలుగా సాగే పెద్ద కథను రోజుకు కొంత చొప్పున చదవండి, మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఆపండి. ఇంట్లో అమ్మానాన్నలు ఆలస్యంగా వచ్చేవాళ్ళయితే ఈ పని తాతయ్యకో, పై తరగతి చదివే అక్కకో అప్పగించవచ్చు. చదవడం రాని నాయనమ్మ ఉన్న ఇంట్లో ఆమె కథ చెప్పాలి, పిల్లలు వినాలి. చెవి ద్వారా చేరిన మాటలే తరువాత అచ్చులో పరిచయస్తుల్లా కనిపిస్తాయి.

తెలుగు అక్షరాలను ఊరిలోని బోర్డుల మీద చూపించండి

అక్షరమాల మొత్తం పలక మీద దిద్దిస్తే గానీ పుస్తకం ముట్టుకోనివ్వకూడదన్న పట్టుదల వదలండి. నిజంగా కష్టమైన చోట్లు కొన్నే ఉన్నాయి, అక్కడ కొంచెం ఓపికగా నిలబడితే చాలు. వ, మ, ప, ష, ఘ అక్షరాలు ఒకదాన్నొకటి పోలి ఉండి పిల్లలను తికమక పెడతాయి. ఒకే రోజు అన్నీ చూపించకుండా, ఒకటి బాగా పట్టుబడ్డాక మరొకటి చూపించండి. ‘వ’కు కొమ్ము ఇచ్చినప్పుడు అది కిందికి ఎందుకు దిగుతుందో చెప్పండి: పక్కన పెడితే అది ‘మ’ అనిపిస్తుంది. కారణం తెలిసిన పిల్లలకు ఆ గుర్తు మరి మరుపు రాదు.

ఒత్తుల్లో చాలావరకు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అక్షరంతో పోలిక లేకుండా ఉంటాయి. ఈ ఆరింటినీ నేర్పడానికి హైదరాబాదు నగరమే చాలు. ‘కొత్తపేట’లో త ఒత్తు ఉంది, ‘అన్నోజిగూడ’లో న ఒత్తు, ‘అమ్ముగూడ’లో మ ఒత్తు, ‘విద్యానగర్’లో య ఒత్తు, ‘సికింద్రాబాద్’లో క్రావడి (ర ఒత్తు), ‘నాంపల్లి’లో ల ఒత్తు. బస్సులో వెళ్తున్నప్పుడు ఎదురు బస్సు బోర్డు మీద, మెట్రోలో స్టేషను పేరు మీద, దుకాణాల మీద వీటిని వెతకడం ఒక ఆటగా పెట్టండి: ఈ రోజు ల ఒత్తు రోజు అనుకుంటే చిక్కడపల్లి, కూకట్‌పల్లి, బొల్లారం అన్నీ లెక్కలోకి వస్తాయి. అచ్చు కలవని పొల్లు హల్లుకైతే మన నగరంలో కొదవే లేదు, ఉప్పల్ నుంచి మియాపూర్ దాకా ప్రతి రెండో పేరూ దానితోనే ముగుస్తుంది. ఇంటికి వచ్చాక ఆ రోజు దొరికిన పేర్లను వాళ్ళ చేత ఒక కాగితం మీద రాయించి గోడకు అంటించండి. తప్పు రాస్తే, మరుసటిసారి ఆ బోర్డు కనిపించినప్పుడు పోల్చి చూసుకోమనండి.

పుస్తకాలు సమకూర్చుకోండి

చిన్న తరగతుల పుస్తకానికి అక్షరం పెద్దగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి. పుటకు నాలుగైదు వాక్యాలకు మించకూడదు. భాష మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలి. ‘పిమ్మట’, ‘గాంచెను’ అని మొదలయ్యే కథలను పెద్దలు వినిపించవచ్చు గానీ, పిల్లల చేతికి ఇవ్వకండి. కొనేముందు మధ్యలో ఒక పుట తెరిచి పిల్లలను చదవమనండి. చేతి వేళ్ళు మడుస్తూ లెక్కపెడితే తెలియని పదాలు అయిదు దాటాయంటే ఆ పుస్తకం మీరు చదివి వినిపించడానికే, వాళ్ళకు ఇంకా సమయం ఉంది.

హైదరాబాదులో డబ్బు పెద్దగా ఖర్చు కాకుండానే పుస్తకాలు దొరుకుతాయి. ఆదివారం పొద్దున ఆబిడ్స్ కాలిబాటల మీద, మిగతా రోజుల్లో కోఠిలో పాత పుస్తకాల వాళ్ళ దగ్గర పిల్లలను కూర్చోబెట్టి, చేతికి కొంత డబ్బిచ్చి వాళ్ళనే ఎంచుకోనివ్వండి. వాళ్ళు బొమ్మలు చూసి పనికిరానిదేదో ఎంచుకుంటారు, ఎంచుకోనివ్వండి. మీకు నచ్చింది మీ డబ్బుతో మీరు విడిగా కొనుక్కోండి. సాధారణంగా డిసెంబరులో ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనకు తప్పకుండా తీసుకువెళ్ళండి, తెలుగు బాలల పుస్తకాలు అన్నీ ఒకచోట కనిపించేది అక్కడే. తార్నాకలోని ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వారి చిన్న పుస్తకాలు, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు వారి బొమ్మల పుస్తకాలు తక్కువ ధరలో ఉంటాయి. తూలిక వారు తెలుగు, ఇంగ్లీషు ఒకే పుటలో ఉండే పుస్తకాలు వేస్తారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు నాలుగు మెట్లుగా విడదీసి ఉచితంగా దొరుకుతాయి, కాగితం మీద అచ్చు తీసుకోవచ్చు. అయితే అక్కడ ఎవరైనా అనువాదం చేయవచ్చు కాబట్టి కొన్ని కథల తెలుగు పంటికింద రాయిలా తగులుతుంది. ముందు మీరు చదివి చూసి ఇవ్వండి. 1947లో మొదలైన చందమామ పాత సంచికలు ఇంట్లో ఉంటే వాటిని నాలుగు, అయిదు తరగతుల వాళ్ళ కోసం దాచండి, అందులో పుటలు అక్షరాలతో కిక్కిరిసి ఉంటాయి.

గ్రంథాలయాలనూ చూపించండి. 1901లో ఏర్పడి ఇప్పుడు సుల్తాన్‌బజారులో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం పిల్లలు ఒక్కసారైనా చూడవలసినవి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఉద్యోగ పరీక్షలకు చదివే యువతతో నిండి ఉంటుంది, అంతమంది నిశ్శబ్దంగా చదువుతున్న దృశ్యమే పిల్లలకు కొత్త. రోజువారీ అవసరానికి మాత్రం ఇంటి దగ్గరి శాఖా గ్రంథాలయమే మేలు. సభ్యత్వం పిల్లల పేరునే తీసుకోండి.

ఇంట్లో పుస్తకాలను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లల చేయి అందే ఎత్తులో, అట్ట ముందుకు కనిపించేలా నిలబెట్టండి. చిరిగితే అతికించుకోవచ్చు.

వాళ్ళు చదువుతున్నప్పుడు ఎలా సాయపడాలి

పిల్లవాడు ‘గోడ మీద బల్లి పాకింది’ అన్నదాన్ని ‘గోడ మీద పల్లి పాకింది’ అని చదివాడనుకోండి. వెంటనే ‘బల్లి’ అని అందించకండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. చాలాసార్లు వాడే ఆగి, గోడ మీద పల్లి పాకడమేమిటని నవ్వి, వెనక్కి వెళ్ళి సరిదిద్దుకుంటాడు. అలా సరిదిద్దుకున్నాడంటే అర్థం చూసుకుంటూ చదువుతున్నాడన్నమాట. ఆగకుండా ముందుకు పోతే వాక్యం పూర్తయ్యాక ‘పల్లి పాకిందా?’ అని మాత్రం అడగండి. అర్థం చెడని చిన్న పొరపాటు, ఉదాహరణకు ‘వచ్చాడు’ను ‘వచ్చిండు’ అని చదవడం, వదిలేయండి. ఇంట్లో మాట్లాడే తెలుగు అచ్చులోకి దూరడం తప్పు కాదు. పుస్తకం తన భాషలోకి వచ్చిందనడానికి అది గుర్తు.

కూడబలుక్కునే దశలో ఉన్నవాళ్ళతో జంటగా చదవండి: ఒక వాక్యం మీరు, ఒక వాక్యం వాళ్ళు. అలసట కనిపిస్తే రెండు వాక్యాలు మీరు, ఒకటి వాళ్ళు. పక్కింటి పిల్లలతో పోల్చడం, చదివినందుకు డబ్బో చాక్లెట్టో ఇవ్వడం రెండూ మానండి. చాక్లెట్టు ఆగిన రోజు చదువూ ఆగుతుంది.

ఇంగ్లీషు గురించి భయపడకండి. తెలుగులో కథ అర్థం చేసుకోవడం, తరువాత ఏం జరుగుతుందో ఊహించడం నేర్చినవాళ్ళు ఆ నేర్పునే ఇంగ్లీషు పుస్తకంలోనూ వాడతారు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమంతో పాటు ఎదురెదురు పుటల్లో రెండు భాషలూ ఉన్న వాచకాలు వచ్చాయి. వాటిలో పాఠాన్ని ముందు తెలుగు వైపు చదివించి, తరువాత ఇంగ్లీషు వైపుకు వెళ్ళండి. ప్రైవేటు బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం వచ్చింది గనుక, తెలుగు నోటుపుస్తకం ఎలాగూ ఉంటుంది.

రోజూ వినిపిస్తున్నా, రెండో తరగతి దాటుతున్నా అక్షరాలు నిలవకపోతే, నిన్న చదివిన పదమే ఈ రోజు కొత్తగా కనిపిస్తుంటే, కోప్పడక ముందే కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుంటే డిస్‌లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఎదురయ్యే ప్రత్యేకమైన ఇబ్బంది, ఉందేమో నిపుణులకు చూపించండి. ఇది తెలివితక్కువతనం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది, బడిలో సహాయం అడగడానికి తల్లిదండ్రులకు ఆధారం ఉంది.

పిల్లల మాటలతోనే పుస్తకం చేయండి

ఏ పుస్తకమూ నచ్చని పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది. నాలుగు తెల్ల కాగితాలు మధ్యకు మడిచి, నడుమ దారంతో కుట్టండి. ఏదైనా జరిగిన సంగతి చెప్పమనండి, చెప్పింది చెప్పినట్లే మీరు పెద్ద అక్షరాలతో రాయండి. ‘మా తమ్ముడు బోనాల్ల పోతరాజును చూసి జడుసుకున్నడు. నేను జడుసుకోలే. జరంత జడుసుకున్న’ అని చెబితే అదే రాయాలి, ‘భయపడ్డాడు’ అని దిద్దకూడదు. పుటకు ఒక వాక్యం చాలు, మిగతా చోట బొమ్మ వాళ్ళు వేస్తారు. అట్ట మీద కథ పేరు, కింద వాళ్ళ పేరు. ఆ పుస్తకాన్ని వాళ్ళు ఎన్నిసార్లు చదువుతారో చూడండి. తమ నోటి నుంచి వచ్చిన మాటలు కాబట్టి ఏ పదం దగ్గరా ఆగవలసిన పని ఉండదు.

బడిలో, అపార్టుమెంటులో ఒక పుస్తకాల పెట్టె

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని చెప్పింది. చాలా బడుల్లో ఆ పుస్తకాలు ప్రధానోపాధ్యాయుల గదిలో బీరువాలోనే ఉంటాయి. ఉపాధ్యాయులు వాటిలోంచి తరగతికి సరిపడా కొన్ని తీసి ఒక అట్టపెట్టెలో తరగతి గదిలోనే పెట్టవచ్చు. మధ్యాహ్న భోజనం తరువాత పదిహేను నిమిషాలు అందరూ, టీచరుతో సహా, ఏదో ఒకటి చదవాలి. ఆ సమయంలో టీచరు నోటుపుస్తకాలు దిద్దితే పిల్లలు వెంటనే పసిగడతారు.

ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాసే రిజిస్టరు పిల్లలే రాయాలి, వారానికి ఇద్దరు చొప్పున. అపార్టుమెంటులో అయితే వాచ్‌మన్ కుటుంబం పిల్లలకు కూడా ఆ పెట్టెలో సమాన హక్కు ఉండాలి. అసలు రిజిస్టరు వాళ్ళకే అప్పగిస్తే మరీ మంచిది. ఏప్రిల్‌లో సెలవులు ఇచ్చేటప్పుడు పుస్తకాలను బీరువాలో కట్టిపెట్టకుండా, తలా మూడో నాలుగో ఇంటికి ఇచ్చి పంపండి. జూన్‌లో బడి తెరిచాక కొన్ని తిరిగి రావు. వాటికి జరిమానా వేయకండి. ఆ పుస్తకాల పేర్లు ఒక చీటీ మీద రాసుకొని, డిసెంబరు పుస్తక ప్రదర్శనలో అవే మళ్ళీ రెండేసి కొనండి.